ముందు మీ కంపెనీ సంగతి చెప్పండి అన్నా

అన్నా,

మీరు మన బల్ల దగ్గర కూర్చోవడం మొదలెట్టిన దగ్గర్నుంచి మిగతావాళ్లు మాట్లాడటం తగ్గించారు. ఈ మాట మీతో విడిగా చెబుదామని చూశాను. నేను నోరు తెరిచేలోపే మీరు అందుకుని, నా కంపెనీకి నేనేం చెయ్యాలో చెప్పడం మొదలెట్టారు. అందుకే నలుగురూ చదివేలా రాస్తున్నాను. మీ పేరు రాయను. ఫౌండర్లు నలుగురు కూర్చునే ప్రతి చోటా మీలాంటివారు ఒకరున్నారని విజయవాడ నుంచీ విశాఖ నుంచీ మిత్రులు చెబుతూనే ఉన్నారు. ఈ ఉత్తరం వాళ్లకి కూడా.

మనం ఎందుకు కలుస్తున్నామో ఒకసారి గుర్తు చేసుకుందాం. నెలకోసారి, రెండో శనివారం పొద్దున, హైదరాబాద్ అయ్యప్ప సొసైటీలో మనవాళ్లలో ఒకరి ఆఫీసు ఖాళీగా ఉంటుంది కాబట్టి అక్కడ చేరతాం. పేపర్లో ఫోటో పడ్డవాళ్లు మనలో ఎవరూ లేరు. కోట్ల ఫండింగ్ వచ్చినవాళ్లూ లేరు. రైస్ మిల్లులకి సాఫ్ట్‌వేర్ అమ్ముకునేది నేను. పరికరాలు చేసేవాళ్లు, యాప్ నడిపేవాళ్లు, విత్తనాల నాణ్యత పరీక్షించేవాళ్లు ఉన్నారు. అందరికీ పెద్ద ఆశలున్నాయి. ఆ ఆశల వల్లే బయట ఎక్కడా చెప్పుకోలేని సంగతులూ పోగయ్యాయి. వాటిని దించుకోవడానికే ఆ బల్ల.

పోయినసారి ఏం జరిగిందో రాస్తాను. అందులో ఉన్న ఇద్దరికీ ఈ ఉత్తరం ముందుగా చూపించాను. వాళ్లు సరేనన్నాకే, పోల్చుకునే గుర్తులన్నీ మార్చి రాస్తున్నాను.

ఆ ఇద్దరిలో ముందు అమ్మాయి వంతు వచ్చింది. డయాలసిస్ సెంటర్లలో వాడే నీటి నాణ్యతను కొలిచే పరికరం చేస్తుంది. లాప్‌టాప్ మన వైపు తిప్పింది. రావాల్సిన బాకీల పట్టికలో ఒక్క వరస ఎర్రగా ఉంది. ఒక పెద్ద ఆసుపత్రి నుంచి ఐదు నెలల డబ్బు రావాలి. ‘ఆ బిల్లుల మీద జీఎస్టీ మాత్రం నేను ఏ నెలకా నెల ఇరవయ్యో తారీఖుకి కట్టేశాను’ అంది. డబ్బు చేతికి రాకపోయినా బిల్లు వేసిన పాపానికి పన్ను కట్టాలని మనకి తెలుసు. మన కడుపు మండే చోటు అది. ‘ఒకటో తారీఖు జీతాలకి సరిపోవు. ఇంకొకటి కూడా...’ అని ఆగింది. మంచినీళ్ల సీసా మూత తిప్పుతూ ఉండిపోయింది.

మీరు ఆ మౌనంలోకి వచ్చేశారు. ‘మీ బర్న్ ఎక్కువుంది. టీమ్‌ని సగానికి కోసెయ్యండి. హాస్పిటల్స్ వదిలేసి నేరుగా ఇళ్లలో డయాలసిస్ చేసుకునేవాళ్లకి అమ్మండి. మీకు సేల్స్ హెడ్ లేడు, ముందు అది చూసుకోండి.’ అలా చెబుతూనే పోయారు. టీమ్‌లో ఎంతమంది ఉన్నారో అడగలేదు. ఎవరెవరు ఏం చేస్తారో అడగలేదు. ఆమె తల ఊపి, ‘అవునండీ, చూస్తాను’ అని లాప్‌టాప్ మూసేసింది.

తర్వాతి వంతు కొంపల్లి నుంచి వచ్చే కుర్రాడిది. ‘నాకు ప్రత్యేకంగా ఏం లేదు, అంతా బాగానే నడుస్తోంది’ అన్నాడు. అంతకుముందు రోజు రాత్రి అతను నాకు ఫోన్ చేసి, కలిసి కంపెనీ పెట్టిన స్నేహితుడు వెళ్లిపోతానంటున్నాడని, రేపు అందరి ముందు చెబుతానని అన్నాడు. చెప్పలేదు. మీరు ఆమెతో మాట్లాడిన తీరు చూశాక అతనికి ధైర్యం చాల్లేదు. అన్నా, మీకు ఇది కనిపించలేదు. ఒకరికి ఇచ్చిన సలహా పక్కవాడి నోరు కట్టేస్తుంది.

ఇక ఆ అమ్మాయి చెప్పబోయిన రెండో సంగతి. మెట్లు దిగుతూ నాకు చెప్పింది. వాళ్ల నాన్నగారు రిటైరయ్యారు. పీఎఫ్ డబ్బు వచ్చింది, తీసుకోమ్మా అంటున్నారు. తీసుకోవాలా వద్దా? ఆమె ఆ పొద్దున తెచ్చుకున్న ప్రశ్న అదొక్కటే. ఎర్ర వరసలోని బాకీ ఆ ప్రశ్నకి ముందుమాట మాత్రమే. మీరు ముందుమాట విని జవాబిచ్చేశారు.

ఇలాంటి ప్రశ్న ఆమె ఇంకెవరిని అడగగలదో ఆలోచించండి. ఉద్యోగులకి చెబితే ఆ సాయంత్రమే నౌక్రీలో రెజ్యూమెలు అప్‌డేట్ అవుతాయి. ముందు వెళ్లేది బాగా పనిచేసేవాళ్లే, ఎందుకంటే వాళ్లకే బయట ఉద్యోగాలు తొందరగా దొరుకుతాయి. ఇన్వెస్టర్‌కి నెలనెలా లెక్కలు వెళ్తాయి, అంకెలు ఆయనకి తెలుసు. కానీ ‘నాకు భయంగా ఉంది’ అని ఆయనతో అనగలదా? రేపు తర్వాతి రౌండ్‌కి ఆమె గురించి ఇంకో ఇన్వెస్టర్‌కి నాలుగు మంచి మాటలు చెప్పాల్సింది ఆయనే. బ్యాంకు మేనేజర్‌కి చెబితే ఓవర్‌డ్రాఫ్ట్ లిమిట్ మీద కన్ను పడుతుంది. మిగతా కస్టమర్లకి తెలిస్తే, ఈ కంపెనీ రేపు ఉంటుందో లేదో, సర్వీసు ఎవరిస్తారు అని కొత్త ఆర్డరు ఆపేస్తారు.

ఇంట్లో చెప్పొచ్చు కదా అంటారు. మన ఇళ్ల సంగతి మీకు తెలియంది కాదు. మంచి ఉద్యోగం వదిలేసినప్పుడే ఒక యుద్ధం అయింది. ఆ యుద్ధం గెలవడానికి మనం చెప్పిన మాటలే ఇప్పుడు మన మెడకి చుట్టుకుంటాయి. పెళ్లిళ్లకి వెళ్తే బాబాయిలు, మేనత్తలు ‘ఏమ్మా, కంపెనీ ఎలా ఉంది’ అంటారు. బాగుందనే అంటాం. అమ్మకి చెబితే ఆవిడ నిద్రపోదు. భర్తకో భార్యకో చెబితే వాళ్లకి ఈఎంఐ గుర్తొస్తుంది, అందులో తప్పు లేదు. కో-ఫౌండర్ ఉంటే ఆయనకి చెప్పొచ్చు. కానీ చాలాసార్లు చెప్పుకోవాల్సిన బాధ ఆ కో-ఫౌండర్ గురించే. కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుందని మన పెద్దవాళ్లు ఊరికే అనలేదు.

మిగిలింది మనం. అదే నెలలో, అదే ఏడో తారీఖుకి టీడీఎస్, పదిహేనుకి పీఎఫ్, ఇరవైకి జీఎస్టీ కట్టే తోటివాళ్లం. ఆమెకి జీతం ఇవ్వం. ఆమె దగ్గర జీతం తీసుకోం. ఆమె షేర్లు మన దగ్గర లేవు. ఆమె ఓడిపోతే మనకి పోయేదేమీ లేదు, గెలిస్తే మనకి వచ్చేదీ లేదు. అందుకే మన దగ్గర చెప్పగలదు. అలాంటి చోటు ఆమెకి ఊరు మొత్తమ్మీద ఒక్కటే ఉంది. దాన్ని మీరు ఇంకో ఇంటర్వ్యూ గది చేసేశారు. ఆమె అక్కడ కూడా తాను పనికొస్తానని రుజువు చేసుకోవాల్సి వచ్చింది.

హైదరాబాద్‌లో స్టార్టప్‌లు కూర్చునే గదులకి కొదవేమీ లేదు. ట్రిపుల్ ఐటీలో సీఐఈ అనే స్టార్టప్ కేంద్రం 2008 నుంచి ఉంది. టీ-హబ్ 2015 నవంబర్‌లో అక్కడే మొదలై, 2022 జూన్‌లో రాయదుర్గంలోని పెద్ద భవనంలోకి మారింది. ఆడవాళ్ల కోసం వీ-హబ్ 2018లో వచ్చింది. అటు ఆంధ్రలో, మంగళగిరిలో 2025లో రతన్ టాటా ఇన్నోవేషన్ హబ్ తెరిచారు. కుర్చీలు, ఇంటర్నెట్, ఇన్వెస్టర్లతో పరిచయాలు, అన్నీ అక్కడ దొరుకుతాయి. అవన్నీ కావాలి కూడా. కానీ నిజం చెప్పగలిగేంత నమ్మకాన్ని ఏ ప్రభుత్వమూ కట్టివ్వలేదు. అది ఆరుగురో ఎనిమిది మందో నెలనెలా కూర్చుని, ఒకరి మాట ఒకరు దాచుకుంటూ పెంచుకోవాలి.

మీకు చరిత్ర ఇష్టం కదా, ఒకటి చెబుతాను. 1727లో ఫిలడెల్ఫియాలో బెంజమిన్ ఫ్రాంక్లిన్ అనే ఇరవై ఒక్క ఏళ్ల ప్రింటింగ్ పనివాడు తనలాంటి వాళ్లని పోగేసి జుంటో అని ఒక సంఘం పెట్టాడు. శుక్రవారం సాయంత్రాలు కలిసేవాళ్లు. వాళ్లలో అద్దాలు బిగించేవాడు, చెప్పులు కుట్టడం నేర్చినవాడు, వడ్రంగి, భూములు కొలిచేవాడు, ఒక వ్యాపారి దగ్గర గుమాస్తా ఉన్నారు. కలిసినప్పుడల్లా వేసుకోవాల్సిన ప్రశ్నల జాబితా ఒకటి ఉండేది. ఈ మధ్య ఊళ్లో ఎవరి వ్యాపారమైనా దెబ్బతిన్నదా, ఎందుకు. కొత్తగా దుకాణం పెట్టిన కుర్రాడెవరికైనా మనం చేయగలిగిన సాయం ఉందా, ఇలాంటివి అందులో ఉన్నాయి. మూడు వందల ఏళ్ల కింద కూడా దెబ్బతిన్న వ్యాపారం గురించి అడిగారు.

మీకు ముఖ్యంగా చెప్పాలనుకున్నది దీని తర్వాత ఉంది. కొన్నాళ్లు గడిచాక వాళ్లు ఒక నియమం పెట్టుకున్నారు. నేను చెప్పిందే రైటు అన్నట్టు మాట్లాడినా, ఎదుటివాణ్ణి మొహం మీదే కొట్టిపారేసినా జరిమానా. చిన్న మొత్తమే, కానీ డబ్బు కట్టాల్సిందే. ఆ గదిలో తెలివైనవాళ్లకి లోటు లేదు, ఫ్రాంక్లిన్ అక్కడే ఉన్నాడు. అయినా ఆ నియమం అవసరమైంది. ఆ నియమం పెట్టుకున్నారు కాబట్టే ఆ సంఘం ఏళ్ల తరబడి నిలబడిందని నేననుకుంటాను.

అదే ఫ్రాంక్లిన్‌కి కొన్నేళ్లకే మన అమ్మాయికి వచ్చిన కష్టమే వచ్చింది. ప్రెస్ పెట్టడానికి డబ్బు పెడతానన్న భాగస్వామి మెరెడిత్ తండ్రి సగమే ఇచ్చి మిగతాది ఇవ్వలేకపోయాడు. సామాన్లు అప్పిచ్చిన వ్యాపారి కోర్టుకెక్కాడు. ప్రెస్ అమ్ముడుపోయే పరిస్థితి. అప్పుడు జుంటో మిత్రులు ఇద్దరు, కోల్‌మన్, గ్రేస్, ఒకరికి తెలియకుండా ఒకరు వచ్చి, అడక్కుండానే, కావాల్సిన డబ్బంతా మేమిస్తామన్నారు. మెరెడిత్‌తో పొత్తు తమకి నచ్చలేదని కూడా చెప్పారు. అతను తాగి వీధుల్లో తిరుగుతున్నాడన్నది వాళ్ల అభ్యంతరం. అంటే సలహా ఇచ్చారు. కానీ చేతిలో డబ్బు పట్టుకుని ఇచ్చారు. ఫ్రాంక్లిన్ వెంటనే ఒప్పుకోలేదు. అవతలివాళ్లు తమ మాట నిలబెట్టుకునే ఆశ ఉన్నంతవరకూ నేనే విడిపోదామని అనలేనన్నాడు. వాళ్లు ఎదురుచూశారు. చివరికి మెరెడిత్ తనంతట తాను తప్పుకున్నాక, ఫ్రాంక్లిన్ ఇద్దరి దగ్గరా చెరి సగం తీసుకున్నాడు, ఎవరినీ చిన్నబుచ్చకుండా.

ఎవరు ఏం పెట్టి మాట్లాడారో చూడండి అన్నా. వాళ్ల మాట వాళ్ల జేబుకి బరువైంది, అయినా నిర్ణయం ఫ్రాంక్లిన్‌కే వదిలేశారు. టీమ్‌ని సగానికి కొయ్యమని మీరన్నప్పుడు మీకు ఖర్చయింది ఏమీ లేదు. ఆ టీమ్‌లో గర్భంతో ఉన్న ఒక ఇంజినీరు ఉంది. ఆ సంగతి మీకు తెలియదు, ఎందుకంటే అడగలేదు.

మన కాలంలో కూడా తోటి వ్యాపారుల సంఘాలు నడిపేవాళ్లు ఈ జబ్బుని బాగా గుర్తుపట్టారు. ఎంట్రప్రెన్యూర్స్ ఆర్గనైజేషన్ అని 1987లో అమెరికాలో పుట్టింది, ఇప్పుడు హైదరాబాద్‌లోనూ శాఖ ఉంది. ఏడాదికి పది లక్షల డాలర్ల అమ్మకాలు దాటితేగానీ అందులో చేర్చుకోరు, కాబట్టి మనలో చాలామందికి ఇంకా ఆ తలుపు తెరుచుకోలేదు. కానీ వాళ్ల పద్ధతి తీసుకోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. చిన్న బృందాలుగా నెలనెలా కూర్చుంటారు. అక్కడ మొదటి నియమం, విన్నది బయటికి పోకూడదు. రెండోది, ‘నువ్విలా చెయ్యి’ అనకూడదు. నాకు ఇలాంటిదే ఒకసారి జరిగింది, నేను ఇలా చేశాను, ఇలా అయింది, అని మాత్రమే చెప్పాలి. అనుభవం లేకపోతే ఊరుకోవాలి. కోట్ల వ్యాపారాలు చేసేవాళ్లు, ఎదుటివాడికి చెప్పడానికి నిజంగానే ఎంతో ఉన్నవాళ్లు, తమ నోటికి తాము వేసుకున్న కట్టు ఇది.

కొత్త కంపెనీలకి పెట్టుబడి పెట్టే వై కాంబినేటర్ 2005 వేసవిలో ఎనిమిది కంపెనీలతో మొదలైనప్పుడు వారానికోసారి అందరూ కలిసి భోంచేసేవాళ్లు. వచ్చిన అతిథి చెప్పింది ఆ గది దాటకూడదన్నది అక్కడి ఒప్పందం. అందుకే అతిథులు తాము గెలిచిన కథకి బదులు చచ్చీచెడీ గట్టెక్కిన కథ చెప్పేవారు. ఇద్దరు కుర్రాళ్లు పెట్టిన రెడ్డిట్ ఆ ఎనిమిదింటిలో ఒకటి. మన దేశంలో సాఫ్ట్‌వేర్ ప్రొడక్ట్ కంపెనీల వాళ్లు ఐస్పిర్ట్ అనే సంస్థ తరఫున ఏళ్లపాటు నడిపిన రౌండ్‌టేబుళ్లలో కూడా, ఒక పని తానే చేసి చూసిన ఫౌండర్ పదిమంది తోటి ఫౌండర్లకి తన లెక్కలు విప్పి చూపించడమే పద్ధతి. దాని గురించి నేను ఎక్కువ రాయను, మీకే బాగా తెలుసు, మీరే మాకు వాటి గురించి చెప్పారు.

సలహాలు అసలొద్దని నేననడం లేదు. రెడ్‌బస్ సంగతి మీరు తరచూ ఎత్తుతారు కదా. మన తెలంగాణ కుర్రాడు ఫణీంద్ర సామ, పిలానీ బిట్స్‌లో కలిసి చదివిన స్నేహితులతో 2006లో బెంగళూరులో పెట్టిన కంపెనీ అది. టై సంస్థ బెంగళూరు శాఖ వాళ్లని తన కార్యక్రమంలోకి తీసుకుంది. అనుభవజ్ఞులైన వాళ్లు గురువుల్లా వెన్నంటి ఉన్నారు. కానీ ఆ గురువులు నెలల తరబడి కూర్చున్నారు. వాళ్ల బస్సు టికెట్ల వ్యాపారాన్ని దగ్గర్నుంచి చూస్తూ మాట్లాడారు. మెంటర్ అంటే అది. అలా ఎవరికైనా ఉందామనుకుంటే మీరు నిరభ్యంతరంగా ఉండొచ్చు, మన దగ్గరి కుర్రాళ్లకి అది చాలా అవసరం. ఒక కంపెనీ ఎంచుకోండి, వాళ్ల లెక్కల పుస్తకం తెరవండి, ఏడాది పాటు వాళ్లతో ఉండండి. మీరు చేస్తున్నది అది కాదు. మనిషి నిమిషం సేపు మాట్లాడగానే తీర్పు వస్తోంది. చెప్పేవాడికి వినేవాడు లోకువ అన్న సామెత మన బల్ల దగ్గర నిజమవుతోంది.

ఇక అదే శనివారం మెట్ల దగ్గర జరిగింది చెబుతాను, మీరు అప్పటికే వెళ్లిపోయారు. మనలో పెద్దాయన, అంతకుముందు ఒక కంపెనీ మూసేసుకుని రెండోది నడుపుతున్నాయన, ఆ అమ్మాయి పక్కన మెట్టు మీదే కూర్చున్నాడు. ‘నాకు మొదటి కంపెనీలో ఇలాగే అయింది’ అని మొదలెట్టాడు. ఒకటో తారీఖు దాకా ఆగకుండా ఇరవై అయిదునే అందర్నీ కూర్చోబెట్టి చెప్పేశాడట. చిన్న జీతాలు పూర్తిగా, ఆయన కింద ఉన్న సీనియర్లకి సగం, తనకి ఏమీ లేదు. మిగతా సగం ఏ తేదీకి ఇస్తానో కాగితం మీద రాసిచ్చాడు. ఇద్దరు వెళ్లిపోయారు. వాళ్లలో ఒకణ్ణి పోగొట్టుకున్నందుకు ఇప్పటికీ బాధపడతానన్నాడు. ఇలా చెయ్యి అని ఆమెతో ఒక్కసారి కూడా అనలేదు.

తర్వాత బాకీ సంగతికి వచ్చారు. చిన్న పరిశ్రమకి నలభై ఐదు రోజుల్లో డబ్బు చెల్లించాలని 2006 చట్టంలోనే ఉంది. ఆలస్యమైతే బ్యాంకు రేటుకి మూడింతల వడ్డీ, నెలనెలా చక్రవడ్డీ. ప్రభుత్వ పోర్టల్లో ఫిర్యాదు పెట్టొచ్చు. ఆయన ఒకసారి పెట్టాడట. డబ్బు వచ్చింది, కానీ ఆ కస్టమర్ మళ్లీ ఆర్డరు ఇవ్వలేదు. ‘నాకు అదీ జరిగింది, ఇదీ జరిగింది’ అన్నాడు. ఇంకో మిత్రుడు ట్రెడ్స్ గురించి చెప్పాడు: కొనుగోలుదారు ఒప్పుకున్న బిల్లుని అక్కడ పెడితే బ్యాంకులు పోటీపడి ముందే డబ్బిస్తాయి, తర్వాత ఆ కొనుగోలుదారు దగ్గర వసూలు చేసుకుంటాయి. రెండు వందల యాభై కోట్ల టర్నోవర్ దాటిన కంపెనీలు అందులో చేరాలని కేంద్రం 2024 నవంబర్‌లో ఆదేశించింది. ఆ ఆసుపత్రి చేరిందో లేదో చూసి చెబుతానని అక్కడే ఫోన్ తీశాడు. అన్నిటికన్నా ఆఖర్న పెద్దాయన అడిగాడు, ‘నాన్నగారి డబ్బు గురించి నీ మనసులో ఏముంది?’ అని. ఆమె ఏడ్చింది. కాసేపయ్యాక తనే చెప్పింది, తీసుకోకూడదనే ఉంది, కానీ వద్దంటే ఆయన నొచ్చుకుంటారేమోనని భయంగా ఉంది, అని. అప్పుడు మేమెవరం ఏమీ అనలేదు. అనాల్సిన అవసరం లేకపోయింది.

ఇదంతా బల్ల దగ్గర జరగాల్సింది అన్నా. మెట్ల దగ్గర జరిగింది.

ఇప్పుడు కష్టమైన మాట. ఆ సోమవారం మీరు లింక్డ్‌ఇన్‌లో ఒక పోస్టు పెట్టారు. ఈ మధ్య ఒక ఫౌండర్‌ని కలిశానని, ఒకే కస్టమర్ మీద ఆధారపడితే ఏమవుతుందో వాళ్ల దగ్గర చూశానని, అయిదు పాఠాలని. ఆమె పేరు రాయలేదు. కానీ ఆమె చేసే రకం పరికరం చేసేవాళ్లు ఈ ఊళ్లో ఎంతమంది? ఆమె దగ్గర పనిచేసే కుర్రాడు అది చదివి, ‘మేడమ్, ఇది మన గురించేనా?’ అని అడిగాడు. ఇరవై అయిదో తారీఖున తనే అందరికీ నెమ్మదిగా చెబుదామని ఆమె మాటలు కూడబలుక్కుంటోంది. ఆ అవకాశం మీ పోస్టు తీసేసుకుంది. నేను ఫోన్ చేసి చెప్పాక మీరు తీసేశారు, నిజమే. ‘పేరు పెట్టలేదు కదా’ అన్నారు. పేరొక్కటే మనిషిని పట్టిస్తుందా అన్నా? మన బల్ల దగ్గర విన్నది పాఠంగా కూడా, మెచ్చుకోలుగా కూడా బయటికి పోకూడదు. దీని మీద నేను మీతో వాదించను. ఇంకోసారి జరిగితే మనం కలిసి కూర్చోలేం.

మీది చెడ్డ మనసని నేనెప్పుడూ అనుకోలేదు. అందరికన్నా ముందొచ్చి కుర్చీలు సర్దేది మీరే. షేర్‌హోల్డర్ల ఒప్పందంలో లిక్విడేషన్ ప్రిఫరెన్స్ అర్థం కాక మన విత్తనాల మిత్రుడు తల పట్టుకుంటే, ఆదివారం పూట మీ లాయర్‌ని నిద్రలేపి మాట్లాడించారు. అది సాయం. అందులో మీ సమయం, మీ పరపతి ఖర్చయ్యాయి. అలాంటి సాయం మీ దగ్గర్నుంచి ఇంకా కావాలి.

అందుకే అడుగుతున్నాను. మీ కంపెనీ గురించి మాకు తెలిసింది మీ కార్డు మీద ఉన్నంతే. ఇన్నాళ్లలో మీ వంతు వచ్చిన ప్రతిసారీ ‘నాది తర్వాత చూద్దాం, ముందు వీళ్లది చూద్దాం’ అన్నారు. మేం మర్యాద అనుకున్నాం. ఇప్పుడు నాకు వేరేలా అనిపిస్తోంది. ఎదుటివాళ్ల గాయానికి మందు రాస్తున్నంతసేపు మన గాయం ఎవరూ చూడరు. మీకేదో ఉంది. అదేమిటో నాకు తెలియదు, ఊహించను కూడా. కానీ తనది అంతా సవ్యంగా ఉన్న మనిషి ఎదుటివాళ్ల మాట పూర్తిగా వినడానికి ఇంత భయపడడు.

మీరు మాకంటే వయసులో పెద్ద, ఈ దారిలో ముందు నడిచినవారు. మీరు చెప్పుకుంటే మీ మీద గౌరవం తగ్గుతుందని అనుకుంటున్నారేమో. ఆ పెద్దాయన కంపెనీ మూసేసిన కథ చెప్పాక ఆయన మాటకి మన దగ్గర ఎంత విలువ పెరిగిందో మీరే చూశారు. ఆయన ఏం చెప్పినా కొంపల్లి కుర్రాడు నోట్‌బుక్కులో రాసుకుంటాడు.

వచ్చే రెండో శనివారం మొదటి వంతు మీకు పెట్టాం, అందరం అనుకునే పెట్టాం. పిచ్ డెక్ వద్దు. బ్యాంకులో ఉన్నది ఎన్ని నెలలకి వస్తుందో, ఎవరి దగ్గర్నుంచి ఎంత రావాలో రాసి ఉన్న ఒక్క కాగితం చాలు. మీరు ఆపేదాకా ఎవరం మధ్యలో మాట్లాడం. ఆ తర్వాత కూడా ఎవరూ మీకు ఏం చెయ్యాలో చెప్పరు. అలాంటిది ఎవరికైనా జరిగి ఉంటే ఎలా జరిగిందో చెబుతారు, లేకపోతే ప్రశ్నలు వేస్తారు. ఆ అమ్మాయి కూడా వస్తానంది. రాలేకపోతే శుక్రవారం సాయంత్రంలోగా ఒక మెసేజ్ పెట్టండి, ఆ గంట కొంపల్లి కుర్రాడికి ఇస్తాం. అతను పోయినసారి చెప్పలేకపోయింది ఇంకా అలాగే ఉంది.

మీ పక్క కుర్చీలో కూర్చునే తోటి ఫౌండర్